మేట్ పజిళ్లు ఆటకు ఎంతవరకు అక్కరకొస్తాయి?

చదరంగం నేర్పేవాళ్లు తరచూ పేరెత్తే పుస్తకం ఒకటుంది. హంగరీ ఉపాధ్యాయుడు లాస్లో పోల్గార్ 1994లో తెచ్చిన ఆ లావుపాటి సంపుటంలో లెక్కలూ ఆటలూ కలిపి 5,334 ఉన్నాయి. ఒక్క ఎత్తులో ఆటకట్టయ్యేవి 306, రెండెత్తుల్లో అయ్యేవి 3,412, మూడెత్తులవి 744. అంటే పుస్తకంలో ఎనభై శాతానికి పైగా మేట్ పజిళ్లే. పోల్గార్ తన ముగ్గురు కూతుళ్లకూ ఇంట్లోనే చదువు చెప్పి, చదరంగంలో తర్ఫీదు ఇచ్చాడు. చిన్నమ్మాయి జుడిత్ 1991లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. అమ్మాయిల్లో ఆ చిన్న వయసు రికార్డును 2002లో దాటింది మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఇలాంటి కథలు విన్న తల్లిదండ్రులకు పిల్లల చేత రోజూ మేట్ పజిళ్లు చేయించాలనిపించడం సహజం. రోజుకు ఇన్నని చేస్తే రేటింగ్ దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం కోచింగ్ సెంటర్లలోనూ గట్టిగానే ఉంది.

ఆ నమ్మకంలో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయాయి. పజిళ్లు చేస్తే పజిళ్లు చేయడం బాగా వస్తుందన్నది మొదటిది. దాని మీద పెద్దగా పేచీ లేదు. అలా వచ్చిన నేర్పు గడియారం నడుస్తున్న అసలు ఆటలోకి దిగి గెలుపులుగా మారుతుందన్నది రెండోది. సాక్ష్యం అడగాల్సింది ఈ రెండో మాటకే.

అమరికల జ్ఞాపకం

పజిళ్లను సమర్థించేవాళ్లు ముందుగా చూపించేది మనస్తత్వ శాస్త్రాన్ని. డచ్చి పరిశోధకుడు ఆడ్రియాన్ డి గ్రూట్ 1946లో ప్రచురించిన అధ్యయనంలో, గ్రాండ్‌మాస్టర్లు తక్కిన మంచి ఆటగాళ్లకంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు లెక్కపెట్టడం లేదని, అయినా మెరుగైన ఎత్తునే ఎంచుకుంటున్నారని తేల్చాడు. తర్వాత వచ్చినవాళ్లు లెక్క లోతు విషయంలో ఆయన మాటను కొంత సవరించారు. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఇంకో అడుగు వేశారు. అసలు ఆటలోంచి తీసిన స్థితిని అయిదు సెకన్లు చూపించి, బల్లను మరుగు చేసి, గుర్తున్నంత పేర్చమన్నారు. మాస్టర్ సుమారు పదహారు పావులను సరిగ్గా పేర్చాడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడు నాలుగింటితో ఆగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. దీన్నిబట్టి మాస్టర్ బుర్రలో ఉన్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదని, ఆటల్లో పదే పదే కనబడే పావుల అమరికల నిల్వ అని వాళ్లు వాదించారు.

ఈ ప్రయోగంలో పాల్గొన్నది ముగ్గురంటే ముగ్గురే. 1996లో ఫెర్నాండ్ గోబే, సైమన్ కలిసి పాత ఫలితాలన్నీ కూడబెట్టి చూసినప్పుడు, చల్లిన పావుల విషయంలోనూ మాస్టర్లకు చిన్నదైనా నిలకడగా పైచేయి ఉందని తేలింది. అయితే అసలు ఆటల స్థితుల్లో కనిపించే పెద్ద తేడా మాత్రం ఆ తర్వాతా చెక్కుచెదరలేదు.

అమరికల నిల్వ అన్న వాదానికి బాగా పనికొచ్చే ఉదాహరణ 2006 నవంబరు 27న బాన్ నగరంలో జరిగింది. అప్పటి ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో రెండో ఆట ఆడుతున్నాడు. నల్లపావులు ఆయనవి, పరిస్థితికి ఢోకా ఏమీ లేదు. 34వ ఎత్తుగా మంత్రిని ఈ3 గడికి నడిపి, మంత్రుల మార్పిడికి పిలిచాడు. కంప్యూటర్ తన మంత్రిని హెచ్7లో దించింది. ఒక్క ఎత్తులో ఆటకట్టు! మూలనున్న రాజు పక్కన మంత్రి అలా దిగడం బడిపిల్లలకూ తెలిసిన మేటే. కాకపోతే ఆ మంత్రికి కాపుగా నిలిచే గుర్రం మామూలుగా జీ5లోనో ఎఫ్6లోనో ఉంటుంది. ఈ ఆటలో అది ఎఫ్8లో, నల్లరాజు ఇంటి వరసలోనే ఉంది. పుస్తకాల్లో కనబడని చోటు కాబట్టే చాంపియన్ కళ్లు దాన్ని దాటిపోయాయని చాలామంది వివరించారు. నాకు ఆ వివరణ నమ్మదగినదిగానే తోస్తుంది. కాని అది జరిగిపోయాక చెప్పిన వివరణ. అలసట, ఏమరుపాటు, ముందే వేసుకున్న పథకం మీద మొండి ధీమా కూడా అదే తప్పు చేయించగలవు.

చూపుతో సరిపోతుందా

కంటికి ఆనినంత మాత్రాన ఆట గెలవలేం. కనబడ్డ ఎత్తు నిజంగా పనిచేస్తుందో లేదో లెక్క వేసుకోవాలి. ఇక్కడ పరిశోధకులు రెండు జట్లుగా చీలారు. 2004లో బ్రూస్ బర్న్స్ మెరుపు ఆటల ఫలితాలను పరిశీలించి, ఆటగాళ్ల బలంలోని తేడాల్లో 81 శాతం వరకు ఆ వేగపు ఆటలతోనే అంచనా వేయవచ్చన్నాడు. ఆలోచించే వ్యవధి లేనప్పుడు కూడా బలవంతుడు బలవంతుడిగానే ఉన్నాడంటే, ఎక్కువ పని చేస్తున్నది చూపేనని ఆయన భావం. అంతకు ముందటి ఏడే క్రిస్టఫర్ చాబ్రిస్, ఎలియట్ హెర్స్ట్ గ్రాండ్‌మాస్టర్ల ఆటలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టారు. వ్యవధి తక్కువైన ర్యాపిడ్ ఆటల్లో తప్పులు ఎక్కువగా, పెద్దవిగా దొర్లినట్టు చూపించారు. అంటే వ్యవధి దొరికితే గ్రాండ్‌మాస్టర్లు కూడా దాన్ని వాడుకుంటున్నారు.

మన విషయానికి ఇంకా దగ్గరగా వచ్చేది 2012 నాటి అధ్యయనం. జెరాడ్ మాక్స్‌లీ, ఆండర్స్ ఎరిక్సన్, నీల్ చార్నెస్, రాల్ఫ్ క్రాంపే ఆటగాళ్లకు ఎత్తుగడల పజిళ్లు ఇచ్చారు. తొలిచూపులో ఆటగాడి నోట వచ్చిన ఎత్తును, అయిదు నిమిషాలు ఆలోచించాక ఖాయం చేసిన ఎత్తుతో పోల్చారు. గట్టివాళ్లలోనూ మామూలు ఆటగాళ్లలోనూ ఆలోచన తర్వాతి ఎత్తే మెరుగ్గా ఉంది. సులువు పజిళ్లలోనూ అంతే, కష్టమైనవాటిలోనూ అంతే. ఫోన్‌లో నిమిషానికి పది మేట్లు చొప్పున తోసుకుపోయే పిల్లవాడు చూపుకు పదును పెట్టుకుంటూ ఉండవచ్చు. లెక్క వేసే అలవాటును మాత్రం ఆ వేగంలో పెంచుకోలేడని నా అనుమానం. మొదటి ఎత్తు తగిలితే చాలు, ఎదుటివాడి జవాబును తెరే ఆడి చూపిస్తుంది. మూడో ఎత్తు దాకా మనసులో నడిచి చూడాల్సిన అవసరమే రాదు.

ఎదుటివాడి జవాబు సంగతి పక్కన పెట్టదగింది కాదు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో మిషెల్ కౌలీ, రూత్ బర్న్ 2004లో ఆటగాళ్లను పైకి మాట్లాడుతూ ఆలోచించమన్నారు. బలమైన ఆటగాళ్లు తమకు నచ్చిన ఎత్తును తామే పడగొట్టే జవాబు కోసం వెతికారు. కొత్తవాళ్లు తమ పథకానికి అనుకూలించే జవాబే ఎదుటివాడు ఆడతాడని అనుకున్నారు. పరీక్షించిన మనుషులు కొద్దిమందే అయినా, పిల్లలకు నేర్పినవాళ్లెవరికీ ఈ ఫలితం వింతగా అనిపించదు. సరిగ్గా చేస్తే మేట్ పజిల్ ఈ గుణాన్నే అలవాటు చేయాలి. ఎదుటి రాజు ఎటు కదిలినా కట్టాలి. ఒక్క దారి మిగిలినా అది మేట్ కాదు. పైగా సరో తప్పో తేల్చడానికి కోచ్ పక్కనుండాల్సిన పని లేదు. స్థితి మీద పట్టు పెంచుకునే పాఠాల్లో అంత కచ్చితమైన తీర్పు దొరకడం కష్టం.

గుర్రం మేట్ అనే వల

తెలిసిన అమరిక ఎప్పుడూ మేలే చేస్తుందా? దీనికి జవాబు వెతికిన ప్రయోగం ఒక పాత మేట్ చుట్టూనే జరిగింది. 1497లో స్పెయిన్‌లో అచ్చైన లుసేనా రాసిన చదరంగం పుస్తకం నాటికే ఉన్న మేట్ అది.

బల్ల వేసుకుని చూడండి. నల్లరాజు జీ8లో, అతని ముందు జీ7, హెచ్7 బంట్లు, అవతలి మూల ఏ8లో నల్ల ఏనుగు. తెల్ల గుర్రం జీ5లో ఉంది. తెల్ల మంత్రి సీ4కి వచ్చి ఏటవాలుగా చెక్ చెప్పింది. రాజు ఎఫ్8కి జరిగితే గుర్రం అండతో మంత్రి ఎఫ్7లో దిగి అక్కడే ముగిస్తుంది, కాబట్టి రాజు హెచ్8 మూలకే పోవాలి. గుర్రం ఎఫ్7కి దూకి చెక్. రాజు తిరిగి జీ8. గుర్రం హెచ్6కి దూకుతుంది, మంత్రి దారి తెరుచుకుంటుంది, రాజుకు ఒకేసారి రెండు వైపుల నుంచి చెక్. మళ్లీ మూలే గతి. ఇప్పుడు మంత్రి తనంత తాను జీ8లో రాజు పక్కకు వెళ్లి చెక్ చెబుతుంది. గుర్రం కాపు ఉండటంతో రాజు దాన్ని తినలేడు, ఏనుగు తినక తప్పదు. తిన్న మరుక్షణం రాజుకు కదిలే గడి ఉండదు, చుట్టూ ఉన్నవి సొంత పావులే. గుర్రం ఎఫ్7కి తిరిగొచ్చి ఆట కట్టిస్తుంది. మొత్తం అయిదు ఎత్తులు. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోవడం కష్టం. మరీ అందంగా ఉండటమే దానితో వచ్చిన చిక్కు.

మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లౌడ్, ఫెర్నాండ్ గోబే 2008లో ఇచ్చిన స్థితిలో ఈ అయిదెత్తుల మేట్‌తోపాటు, అంత పేరు లేని మూడెత్తుల మేట్ ఒకటి ఉంది. అన్నింటికంటే దగ్గరి దారి చూపమన్నారు. మంచి ఆటగాళ్లు పాత మేట్‌ను పట్టేశారు, ఇంకా చిన్నదాని కోసం వెతుకుతున్నామని కూడా చెప్పారు. వాళ్ల కళ్ల కదలికలను నమోదు చేసిన కెమెరా మరోలా చెప్పింది. వెతుకుతున్నామంటున్నప్పుడు కూడా వాళ్ల చూపు పాత మేట్‌కు సంబంధించిన గడుల మీదే తచ్చాడుతోంది. స్థితిని కొద్దిగా మార్చి పాత మేట్ పనిచేయకుండా చేస్తే, అదే స్థాయి ఆటగాళ్లు మూడెత్తుల దారిని కనిపెట్టారు. అంటే లోపం శక్తిలో లేదు, ముందుగా తట్టిన ఆలోచన రెండోదాన్ని రానివ్వలేదు. మరీ బలమైన ఆటగాళ్లు మాత్రం ఈ వలలో అంతగా పడలేదు. అందుచేత అమరికలు నేర్చుకోవద్దని ఈ ప్రయోగం చెబుతోందనడం తొందరపాటు. నేర్చిన అమరిక తట్టగానే అక్కడే ఆగిపోవడం మంచి ఆటగాళ్లలోనూ ఉందని మాత్రం ఇది చూపిస్తుంది.

రేటింగ్ కథలు

ఇక జనం ఎక్కువగా నమ్మే సాక్ష్యం సొంత అనుభవాల కథలు. అమెరికాలో మైకేల్ డి లా మాజా అనే ఆటగాడు 400 రోజుల్లో 400 పాయింట్లు పెరిగానని 2001లో రాశాడు, మర్నాడే పుస్తకం చేశాడనిపించేంత వేగంగా 2002లో దాన్ని అచ్చు వేశాడు. ఆయన పద్ధతి ఏడు చుట్లది. సుమారు వెయ్యి ఎత్తుగడల పజిళ్లను మొదట 64 రోజుల్లో, అవే పజిళ్లను తర్వాత 32, 16, 8, 4, 2 రోజుల్లో, చివరికి ఒక్కరోజులో చేయాలి. కలిపితే 127 రోజులు. 2018లో స్వీడన్‌కు చెందిన ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ వడ్రంగిపిట్ట పేరుతో దాదాపు ఇదే తరహా పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. టిక్కనెన్ 2010 వేసవిలో వెంటవెంటనే, బిరుదుకు లెక్కకొచ్చే మూడు గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌లు సాధించడమే దానికి పెద్ద ప్రచారం.

వీళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. ఇబ్బంది లెక్కలో ఉంది. పద్ధతి పనిచేయనివాళ్లు పుస్తకాలు రాయరు. రోజుకు గంటల తరబడి పజిళ్లు చేసే మనిషి అదే కాలంలో టోర్నమెంట్లు ఎక్కువగా ఆడతాడు, ఓడిన ఆటలను తిరగేస్తాడు, ఆటనే కలవరిస్తాడు. పెరుగుదలలో పజిళ్ల వాటా ఎంతో విడదీయడానికి ఆ కథల్లో ఆధారం లేదు. ఇవి మేట్‌లకే పరిమితమైన పద్ధతులు కూడా కావు, పావు గెలుచుకునే ఎత్తుగడలు వాటిలో బోలెడు.

పిల్లల రేటింగుల దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. పద్దెనిమిదేళ్లలోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 40 గుణకం వాడుతుంది. తనతో సమానమైనవాణ్ని ఓడిస్తే ఒక్క ఆటకు 20 పాయింట్లు. ఒక మంచి టోర్నమెంటులోనే వంద పాయింట్లు రావచ్చు, మరుసటి నెలలో పోవచ్చు. దీనికి తోడు 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు రేటింగులన్నింటినీ ఒక్కసారిగా పెంచింది. 2000కు ఎంత తక్కువైతే అందులో నలభై శాతం కలిపింది. ఫిబ్రవరిలో 1200 ఉన్న బుడతడు ఒక్క పావు కదపకుండానే మార్చిలో 1520కి చేరాడు. ఆ చలికాలమంతా మేట్‌లు చేయించిన తండ్రి ఆ 320 పాయింట్లను ఏ ఖాతాలో వేసుకుని ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

విస్తృతమైన గణాంకాలు కథలకంటే నయం, కాని అవీ మన ప్రశ్నకు సూటిగా జవాబివ్వవు. చార్నెస్ బృందం 2005లో ఆటగాళ్ల బలంతో అన్నింటికంటే గట్టిగా ముడిపడింది ఒంటరిగా కూర్చుని చేసే శ్రద్ధగల సాధన అని తేల్చింది. ఆ సాధనలో పజిళ్లెన్ని, ముగింపులెన్ని, పాత ఆటల పరిశీలన ఎంత అన్న విభజన లేదు. గంటలు కూడా ఆటగాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినవే. 2007లో గోబే, గిల్యెర్మో కాంపిటెల్లి అర్జెంటీనా ఆటగాళ్లను అడిగితే, మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి సుమారు మూడు వేల గంటలు పట్టింది, ఇంకొకరికి ఇరవై మూడు వేలు దాటాయి. 2014లో డేవిడ్ హాంబ్రిక్ బృందం ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసి, చదరంగం బలంలోని తేడాల్లో సాధన వివరించగలిగింది 34 శాతమని లెక్కగట్టింది. మూడింట ఒక వంతు చిన్న సంగతేం కాదు. పక్కింటి పిల్లవాడికి పనిచేసిన పద్ధతి మనవాడికీ అంతే పనిచేస్తుందనుకోవడానికి మాత్రం చాలదు. ఇక్కడ చెప్పిన అధ్యయనాల్లో ఏదీ, మేట్‌లు చేసిన జట్టునూ అన్నే గంటలు మరో సాధన చేసిన జట్టునూ పక్కపక్కన పెట్టి, ఆట ఫలితాలతో తూచింది కాదు.

శీర్షికే సగం జవాబు

అయినా ఎలా చేయాలన్న విషయంలో చెప్పగలిగింది కొంత ఉంది. “తెల్లపావుల ఎత్తు, రెండెత్తుల్లో మేట్” అన్న శీర్షిక మూడు రహస్యాలు ముందే చెప్పేస్తుంది. మేట్ ఉందని, ఎవరిదని, ఎన్ని ఎత్తుల్లో అని. ఆట మధ్యలో చెవిలో ఇవి చెప్పేవారుండరు.

గణితం బోధనలో ఇదే చిక్కును డౌగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో పరీక్షించారు. ఘనాకృతుల పరిమాణం కట్టే లెక్కలను కొందరు కాలేజీ విద్యార్థులకు రకానికొక గుంపుగా, మరికొందరికి అన్నీ కలిపి ఇచ్చారు. సాధనలో గుంపులుగా చేసినవాళ్లకు 89 శాతం సరైనవి వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60 మాత్రమే. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారు. గుంపులవాళ్లు 20 శాతం దగ్గర కుదేలయ్యారు, కలిపి చేసినవాళ్లు 63 శాతం తెచ్చుకున్నారు. చదరంగానికి ఇది అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. కాని ఏ సూత్రం వాడాలో గుర్తించడమే అసలు పనైన చోట ఈ పోలిక బలమైనదే. కొత్త మేట్ నేర్చుకునేటప్పుడు ఒకే రకం పది చేయడంలో తప్పు లేదు. ఆ తర్వాత వాటిని పావు గెలిచేవి, డ్రా కాపాడుకునేవి, చివరికి ప్రత్యేకంగా ఏమీ లేని స్థితులతో కలిపేయాలి. లిచెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే నలభై లక్షలకు పైగా పజిళ్లు నిజమైన ఆటల్లోంచి ఏరినవి, రకం చెప్పకుండా కలిపి ఇచ్చే ఏర్పాటూ అక్కడుంది.

పోల్గార్ పుస్తకంలోని రెండెత్తుల మేట్లలో చాలావాటి తీరు వేరు. అవి కళ కోసం కూర్చిన సమస్యలు. చెక్‌తో మొదలయ్యే జవాబును సమస్యలు కూర్చేవాళ్లు మోటుగా భావిస్తారు. మొదటి ఎత్తు ఎక్కడో మూల నిశ్శబ్దంగా ఉంటుంది. ఆటలో వచ్చే మేట్లు ఎక్కువగా చెక్‌లతోనే నడుస్తాయి. 2016 నవంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ టైటిల్ తేల్చిన చివరి ర్యాపిడ్ ఆటలో మాగ్నస్ కార్ల్‌సన్ మంత్రిని హెచ్6లో బలిపెట్టి చెక్ చెప్పాడు. దాన్ని రాజు తిన్నా, బంటు తిన్నా మరుసటి ఎత్తులో ఏనుగు మేట్. ఇలాంటివి పట్టడానికి చెక్‌లన్నీ ముందు చూడాలన్న అలవాటు చాలు. కూర్పు సమస్యలు ఆ అలవాటును కావాలనే మోసం చేస్తాయి. ఎదుటి రాజుకు ఏ గడులు మిగిలాయో ఓపిగ్గా లెక్కించడం నేర్పుతాయి. రెండూ మంచివే, ఒకటి చేసి రెండోదాని ఫలం ఆశించకూడదు.

కొత్తగా నేర్చుకునేవారికి మేట్ పజిళ్ల వల్ల మేలు ఎక్కువనే నా అంచనా. ఆ స్థాయి ఆటల్లో ఒకటి రెండెత్తుల మేట్లు వస్తూనే ఉంటాయి, ఇరువైపులా జారిపోతూనే ఉంటాయి. పైకి పోయేకొద్దీ మేట్ దాకా ఆగకుండా ఓటమి ఒప్పుకోవడం ఎక్కువవుతుంది, ఆట తేలేది బంటు తేడాలోనో ముగింపులోనో. అక్కడ మేట్ పజిళ్లకు మిగిలేది ఒళ్లు విరుచుకునే కసరత్తు పాత్రే కావచ్చు.

ఎవరి సంగతి వాళ్లు తేల్చుకోవడానికి రేటింగ్ కంటే సూటి కొలత ఒకటుంది. పజిళ్లు మొదలుపెట్టక ముందటి ఆటలను కొన్ని, కొన్ని నెలల తర్వాతి ఆటలను కొన్ని, ఒకే టైం కంట్రోల్‌వి, చదరంగం ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్‌కు ఇవ్వాలి. మూడెత్తుల లోపు మేట్ దొరికిన సందర్భాలెన్ని, వాటిలో పట్టుకున్నవెన్ని, వదిలేసినప్పుడు గడియారంలో మిగిలిన సమయమెంత అన్నవి రాసుకోవాలి. ఒకే స్థాయి పిల్లలు ఇరవైమంది ఉన్న అకాడమీ అయితే చీటీలు వేసి సగంమందికి మేట్లు, సగంమందికి అన్నే గంటలు ముగింపులు నేర్పి ఈ లెక్కనే పోల్చవచ్చు. ఎదుటివాడికి చిక్కిన మేట్లను వేరే వరసలో వేయాలి. పజిల్ పుస్తకం పిల్లవాణ్ని దాదాపు ఎప్పుడూ మేట్ చేసే వైపే కూర్చోబెడుతుంది కాబట్టి, మెరుగుదల మొదటి వరసలో కనబడి రెండో వరసలో కనబడకపోయే అవకాశం ఉంది. అలా జరిగితే పజిళ్ల సంఖ్య పెంచి లాభం లేదు. అవే స్థితులను తిప్పి పెట్టి, నల్లపావుల వైపు నుంచి, ఒక ఎత్తు ముందు ఏం ఆడి ఉంటే ఆ మేట్ తప్పేదో అడగాలి.